నవ్వు పడనిదే పెట్టె మోగదు

ఆ ఎండకాలం మా బామ్మర్ది ఒక కన్ను తెరిచి పండుకునేటోడు.

మూద్దామన్నా అది మూతపడకపోయేది. మొకంల ఎడమ దిక్కంతా ఎవలో కిందికి గుంజి ఇడిచిపెట్టినట్టు జారిపోయింది. కుడి దిక్కు ఎప్పటి లెక్కనే ఉన్నది. పగటి బువ్వ తిన్నంక నేను మగ్గం గుంతల కాళ్ళు పెట్టుకుని కూసుంటే, వాడు పక్కనే సాప పరుసుకుని ఒరిగేటోడు. కుడికన్ను నిద్రపోయేది. ఎడమకన్ను పైకప్పు చూసేది. వాని అక్క, అంటే నా భార్య అండాలు, దాని మీద తడిగుడ్డ కప్పేది. గుడ్డ జారేది. కన్ను మల్ల చూసుకుంటనే ఉండేది.

లేసినంక చెప్పేటోడు.

"బావా, ఇయ్యాల నీ గుంతల నీళ్ళు నిండినయ్. మోకాళ్ళ దాంక నీళ్ళల్ల ఉండి నేస్తున్నవ్. చేపపిల్లలు నీ కాళ్ళ సందుకెంచి పైకొచ్చి పడుగు పోగులల్ల చిక్కుకున్నయ్. ఒక్కొక్కదాన్ని మెల్లగ ఇప్పి మల్ల నీళ్ళల్ల ఇడుస్తున్నవ్."

"ఊఁ" అనేటోన్ని.

"వాటి మీద కోపం చేస్తలేవు. గదే మంచిగనిపించింది."

ఒక కంటికి కల, ఒక కంటికి మా ఇల్లు. రెండూ కలిసిపోయేటియి వానికి. మా అర్రల పైకప్పుకు చిన్న అద్దం పెంకు ఒకటి ఉన్నది. దానికెంచి ఎండ పడి, పడుగు మీద పొద్దుతోపాటు జరుక్కుంట పోతది. అది వాని కలలకు గూడ పోయేదేమో. "ఒక తెల్లపిల్లి నీ పోగుల మీద నడుస్తున్నది, ఒక్క పోగు గూడ తెగుతలేదు" అన్నడు ఒకసారి.

మా నారాయణపేట జిల్లా అయిన ఏడు అది. బస్టాండు కాడ ఇంక కొత్త బోర్డులు పెడుతనే ఉన్నరు. ఆ బస్టాండులనే వాడు పట్నం బస్సు దిగిండు, మూతికి తువ్వాల కట్టుకుని. ఎవడో గుర్తుపట్టి "అరే, బుగ్గలవ్వ" అన్నడట.

మా బామ్మర్ది పేరు కృష్ణకాంత్. ఇంట్ల కిష్టడు. టీవీ చూసేటోళ్ళకు బుగ్గలవ్వ. శుక్రవారం వచ్చే నవ్వుల ప్రోగ్రాంల చీర కట్టుకుని, తెల్ల సవరం పెట్టుకుని ముసలమ్మ లెక్క వచ్చేటోడు. వానికి మాటకంటె ముందు బుగ్గ ఆడేది. ఎడమ బుగ్గల గాలి నింపి, ఆ గాలిని కుడి బుగ్గలకు తోలేటోడు, లోపట ఎలుకపిల్ల ఉరుకుతున్నట్టు. మల్ల ఎనుకకు తెచ్చేటోడు. ఊర్ల పిల్లలంత అదే చేసేటోళ్ళు. ఆ చీర నేను నేసిందే. ఎర్ర గళ్ళు, పసుపు అంచు. అందరు బుగ్గలు చూస్తే నేను అంచు చూసేటోన్ని.

బస్టాండుల వాన్ని తువ్వాల తీయమన్నరట. తీసిండట. మూతి ఒక దిక్కుకు జారి, కన్ను తెరుసుకుని నీళ్ళు కారుతున్న మొకం చూసి జనం నవ్విన్రట. సోడబండి ఆయన కడుపు పట్టుకున్నడట. ఒక పిలగాడు భుజం మీద చెయ్యేసి, "గట్లనే ఉంచన్నా, ఫోటో దిగుత" అన్నడట.

"గది వేషం కాదని చెప్పకపోతివా?" అన్నది అండాలు, వాని చేతిల సంచి అందుకుంట.

"చెప్పిన అక్కా. ఇంకింత నవ్విన్రు."

పెదవి మూతపడక వాని మాట గాలి కలిసి వచ్చేది. నేను ఇక్కడ సక్కగ రాస్తున్న గని, అప్పుడు వాడు "బావా" అంటే పొయ్యి ఊదినట్టు ఇనవడేది.

పట్నంల దవాఖానల చూపించుకునే వచ్చిండు. మొకం నరం వాసిందన్నరట. ప్రాణానికి ఫికర్ లేదు, మూతి తిరిగొస్తది అన్నరట. ఎన్నడొస్తది, ఎంత వస్తది అనడిగితే డాక్టరు ఫ్యాను దిక్కు చూసిండట.

గోలీలు ఏసుకునేటోడు. కంట్ల చుక్కలు పోసుకునేటోడు. పొద్దుగూకే యాల్లకు అండాలు నువ్వుల నూనె గోరెచ్చగ చేసి, వాన్ని గడప మీద కూసోవెట్టి, బొటనవేలుతోని మూతి కొసకెంచి చెవు దాంక రుద్దేది. కింద పడ్డదాన్ని మెల్లగ పైకి ఎత్తుతున్నట్టు. రుద్దుకుంట చిన్నప్పటి సంగతులు చెప్పేది. వాడు ఒక దిక్కు నవ్వేటోడు. నవ్వగనే చెయ్యి మూతికి అడ్డం పెట్టుకునేటోడు.

బయటికి అడుగు పెట్టలే. పిల్లలు కిటికీ కాడికొచ్చి "బుగ్గలవ్వా, ఒక్కసారి బుగ్గ తిప్పవా" అంటే తువ్వాల మొకం మీద గుంజుకునేటోడు. పొద్దున నాకు కండెలు చుట్టేటోడు. రాట్నం తిప్పుడు చిన్నప్పుడు నేర్చిందే, చెయ్యి మరిచిపోలే. నేను పోగుల నడుమ నాడె ఉరికిస్తుంటే, ఆ చప్పుడుకు సరిగ్గ రాట్నం తిప్పేటోడు.

"గీ చప్పుడేగద బావా" అన్నడు ఒకనాడు. "స్టేజి మీద మాట ఎక్కడ ఆపాలె, ఎక్కడ ఇడువాలె అని అందరడుగుతరు నన్ను. ఎక్కడ నేర్చుకున్నవని. మగ్గం కాడ పుట్టినోనికి వేరే నేర్పాల్నా?"

నేను పోగు దిక్కు చూసిన.

నేను నవ్వనని మా అత్తగారింట్ల పేరు. పెండ్లిల నన్ను నవ్వించాలని మరదండ్లందరు పందెం కాసి ఓడిపోయిన్రు. కిష్టడు నిక్కరు ఏసుకున్నప్పటి సంది నా ముంగట కోతి చేష్టలు చేసినోడే. సర్పంచు నకలు కొట్టేది, పంతులు నకలు కొట్టేది, నా నకలే నా ముంగట కొట్టేది. ఇల్లంత పడి పడి నవ్వితే నేను చెంబు తీసుకుని చెయ్యి కడుక్కునేటందుకు లేచేటోన్ని. నాకు నవ్వు రాదని కాదు. వస్తది. లోపటనే తిరిగి తిరిగి, బయటికి వచ్చేలోపట చల్లారిపోతది.

వాడు పట్నం వోయి టీవీల పేరు తెచ్చుకున్నంక గూడ ఫోను చేస్తే అక్కను అదే అడిగేటోడు.

"బావ నవ్విండా?"

"అంచు మంచిగ కనవడ్డదన్నడు."

"ఇంకో చీర నెయ్యమను. ఈసారి అంచు బుగ్గల మీద కట్టుకుంట."

పెండ్లి చేసుకోలే. "స్టేజి మీద ఆడమనిషిని నేనే, ఇంట్ల ఇంకొకరెందుకు" అనేటోడు. మూతి జారినంక పట్నంల కిరాయి ఇంట్ల ఒక్కడే ఉండలేక వచ్చిండని నేననుకున్న.

ఎండలు ముదిరినంక ఒకనాడు రాంచందర్ వచ్చిండు. మా గల్లీ భాగోతానికి హార్మోనియం పెట్టె ఆయనదే. మాకు ఒక పద్ధతి ఉన్నది. వానలు పడ్డాయంటే నూలు చెమ్మ పట్టి మగ్గాలు మందగిస్తయ్. అందుకని మొదటి వానకు ముందే, పొద్దున పడుగులు సాగదీసే జాగాలనే నాలుగు గుంజలు పాతి భాగోతం ఆడుతం. వేషాలు అన్ని మావోళ్ళయే. దేవుడు రావాలంటే ముందుగాల ఊడ్పుగాడు రావాలె. మాసికల లాగు, పాత టోపి, చేతిల చీపురు. వాడు స్టేజి ఊడ్చి, జనాన్ని నవ్వించాలె. నవ్వు పడనిదే పెట్టె మోగదు. ఊడ్పుగాని వేషం మా మామగారింటిది. ఆయన తాత కట్టిండు, ఆయన కట్టిండు, ఆయన తర్వాత కిష్టడు కట్టిండు. ఆ చీపురు పట్టుకునే వాడు మొదలుపెట్టింది. పట్నం వోయినంక గూడ ఏటేట ఆ ఒక్క పొద్దుకు వచ్చి ఊడ్చిపోయేటోడు.

రాంచందర్ సల్ల తాగి గిలాస కింద పెట్టిండు.

"ఏం కిష్టా. ఆదివారం అనుకుంటున్నం."

కిష్టడు తువ్వాల తీసి మొకం చూపించిండు. మల్ల కట్టుకున్నడు.

రాంచందర్ గిలాస పక్కకు జరిపిండు. "దాందేముందిరా. రంగు పూస్తరు గద."

"రంగు పూస్తే కనవడదా అన్నా?"

"కనవడితే ఏమాయె. నవ్వుతరు."

"గదే" అన్నడు కిష్టడు. "గదే నా బాధ. నేను ఏం చెయ్యకముందే నవ్వుతరు. చేసినంక నవ్వితే నాది. చెయ్యకముందు నవ్వితే నాది కాదు."

రాంచందర్‌కు అర్థమైనట్టే ఉన్నది. గని పద్ధతి పద్ధతే. "ఆ ఇంటి మొగోడు కట్టకుంటే ఆ ఇంటి అల్లుడు కట్టాలె" అని నా దిక్కు చూసిండు. చూసి, తనే నవ్విండు. "గీయన కడితే మన పెట్టె తెల్లారినా మోగదు."

అండాలు గూడ నవ్వింది. కిష్టడు నవ్వలే. తల కిందికేసుకున్నడు. వాని వల్ల ఆ ఏడు భాగోతం ఆగుతదని వానికి కనవడ్డది.

"ఊఁ" అన్న నేను.

"ఏం ఊఁ?" అన్నది అండాలు.

"కడత."

ముగ్గురు నా దిక్కు చూసిన్రు. నేను నాడె మల్ల ఉరికించిన.

రెండు పొద్దులైనంక మా గల్లీల కారు ఆగింది. పట్నం సంది టీవీ ప్రోగ్రాం మేనేజరు వచ్చిండు, ప్రమోద్ అని. సన్నగ ఉంటడు, మంచి మనిషే. చెప్పులు బయట ఇడిచి, నాకు అండాలుకు దండం పెట్టిండు. కిష్టని దిక్కు తిరిగి, "ఏదన్నా, చూడనీ" అన్నడు.

కిష్టడు తువ్వాల తీసిండు.

ప్రమోద్ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నడు. ఆపుకుందామని చూసిండు గని కాలే. భుజాలు ఊగినయ్. "సారీ అన్నా, సారీ" అనుకుంటనే నవ్విండు. నవ్వి నవ్వి కండ్లు తుడుసుకున్నడు.

"అన్నా, నువ్వు ఫికర్ చేస్తున్నవ్ గని, నాకైతే ఇది దేవుడిచ్చిన గెటప్ లెక్క కనవడుతున్నది. గిట్లనే రా. బుగ్గలవ్వకు మూతి వంకరైంది. దవాఖానకు పోతది, మంత్రగాని కాడికి పోతది, కోడలు తిడుతది. నాలుగు వారాలు నడుస్తది."

"తర్వాత?"

"తర్వాత చూద్దాం."

"మంచిగైతే?"

ప్రమోద్ జర ఆలోచించిండు. "మంచిగైనా ఏం. నీకు నకలు రాదా? వంకర పెట్టుకోరాదా?"

అండాలు వంటింట్లకెంచి చాయ్ తెచ్చి ఆయన ముంగట పెట్టింది. పెట్టుడు జర గట్టిగనే పెట్టింది. సాసర్ల ఒలికింది.

పోయేటప్పుడు ప్రమోద్ కారు డోరు పట్టుకుని చెప్పిండు. పైనోళ్ళు ఆగుతలేరని, బుగ్గలవ్వ వేషానికి వేరే పిలగాన్ని చూసి పెట్టిన్రని, సోమవారం దాంక తను ఆపుతనని. "వస్తే నీ జాగ నీదే అన్నా. రాకుంటే నా చేతుల ఉండది."

ఆ పగలు కిష్టడు పండుకోలే. సాప మీద కూసుండి కండె చేతుల తిప్పుకుంట ఉన్నడు. రాట్నం తిరుగుతలేదు. నా మగ్గం చప్పుడు ఒక్కటే ఉన్నది. అద్దం పెంకు ఎండ వాని మోకాలి మీద పడ్డది.

"బావా."

"ఊఁ."

"పోతే, గీ మూతికే నవ్వుతరు. మూతి తిరిగొస్తుంటే, అయ్యో మంచిగైతున్నదే అనుకోవాలె. మూతి మంచిగ కావొద్దని మొక్కుకోవాల్నా నేను? అక్క రోజు నూనె పెట్టి రుద్దుతాంది."

నేను నాడె తీసి పడుగు మీద పెట్టిన.

"పోకుంటే వేషం పోతది. ఇంట్ల కూసుంటే మరిచిపోతరు జనం. టీవీ గంతే, శుక్రవారం కనవడకుంటే శనివారం యాదికుండం." కండె కింద పెట్టిండు. "నేను గీడికెందుకొచ్చిన్నో తెలుసా నీకు?"

"అక్క ఉన్నదని."

"అక్కనా. అక్క నన్ను చూసి ఏడుస్తది. లోకం చూసి నవ్వుతది. నువ్వు రెండూ చెయ్యవు. ఏం జేసినా నవ్వవు నువ్వు. ఇన్నేండ్లు గదే నా బాధ. ఇప్పుడు గీ లోకంల నాకు జాగ ఏడున్నదంటే, నీ మగ్గం పక్కనే ఉన్నది."

అని సాప మీద ఒరిగిండు. జరసేపటికి కుడికన్ను మూతపడ్డది. నేను నాడె చేతుల పట్టుకుని వాని ఎడమకన్ను దిక్కు చూసిన. అది నా దిక్కే చూస్తున్నది. వాడు చూస్తున్నడో, కల చూస్తున్నదో.

ఆదివారం పొద్దు వంగేవరకు గుంజలు పాతిన్రు. పైన తాడిపత్రి కట్టి, ట్యూబులైట్లు పెట్టిన్రు. మా మామ టోపి అండాలు పెట్టెల దాసిపెట్టింది. తీసి దులిపి నా తల మీద పెట్టింది. ఎనుకకు జరిగి చూసింది.

కిష్టడే నా మొకానికి రంగు పూసిండు. వేలుతోని ముక్కు మీద తెల్లచుక్క పెట్టిండు.

"ఏం చెయ్యాలె?" అన్న.

"ఏం చెయ్యకు. ఊడువు. 'జరుగుండ్రి జరుగుండ్రి, దేవుండ్లొస్తున్రు' అను. నవ్వు వస్తే వస్తది."

"రాకుంటే?"

"రాంచందరన్న చూసుకుంటడు." అని తువ్వాల మూతి మీద బిగించి, జనం ఎనుకకు వోయి గుంజకు ఆనుకుని నిలవడ్డడు.

నేను చీపురు పట్టుకుని ఎక్కిన. మైకు ఒకటి తాడుకు యేలాడుతున్నది. లైటు కండ్లల్ల పడ్డది. లైటు అవుతల మొకాలు. ఆడోళ్ళు ఒక దిక్కు, మొగోళ్ళు ఒక దిక్కు, ముంగట పిల్లలు. జర కన్ను చికిలించి చూస్తే గళ్ళ చీర పరిచినట్టు ఉన్నరు, గడికి ఒక మొకం. కిష్టడు ఎన్నడో అన్నడు, కలల నేను నేసిన చీరల గడి గడికి ఒక మనిషి కూసుండి నన్నే చూస్తున్నడని. అది గిదేనేమో అనుకున్న.

చీపురు ఊడ్చిన. ఈ కొసకెంచి ఆ కొస దాంక. ఎవలు నవ్వలే. మాట గుర్తుకు రాలే. జరుగుండ్రి అనాల్నని తెలుసు, నోరు తెరిస్తే గాలి ఒక్కటే వచ్చింది. పక్కకు చూస్తే రాంచందర్ వేళ్ళు పెట్టె మీద పైకి లేపి పెట్టుకుని ఉన్నడు. కింద పడతలేవు. పరద ఎనుక దేవుని వేషం కట్టినోడు దగ్గుతున్నడు. పిల్లలు గూడ ఊకున్నరు.

ఎంతసేపు నిలవడ్డనో. మగ్గం మీద తప్ప నా చేతులకు ఎటు పోవాల్నో తెల్వదు. చీపురు ఎడమ చేతికి మారింది. కుడి చెయ్యి పైకి లేచి గుంజుడు మొదలుపెట్టింది, నాడె తాడు గుంజినట్టు. కాలు ఒకటి తొక్కుతున్నది, ఒకటి లేస్తున్నది. చీపురు కట్ట ముంగటికి ఎనుకకు కొడుతున్నది. నేను చేస్తున్నట్టు నాకు తెల్వదు. పానం జర నిమ్మలమైంది, గంతే తెలుసు.

ఆడోళ్ళ నడుమకెంచి ముసలి బిక్షమ్మ నన్ను పేరు పెట్టి పిలిచింది. మా గల్లీకంత కండెలు చుట్టే మనిషి.

"దశరథన్నా, పోగు తెగిందే."

నేను టక్కున ఆగిన. వంగిన. కొస ఎక్కడున్నదని వెతికిన. దేవుని తోడు, వేషం లేదు గీషం లేదు, నిజంగనే వెతికిన. వేలు నాలిక మీద తడుపుకున్న. కొసలు రెండు పట్టుకుని మెలేసి ముడి ఏసిన. పన్నె పండ్ల సందులకు ఎక్కించిన. లేసి, తాడు మల్ల గుంజిన.

అప్పుడు పడ్డది నవ్వు. నా మీద కప్పు కూలిందనుకున్న. గల్లీల ఉన్నోళ్ళందరు పోగు అతికినోళ్ళే. ముసలోళ్ళు తొడలు కొట్టుకుంటున్నరు. ఆడోళ్ళు ఒకలి మీద ఒకలు పడుతున్నరు. "ఇంకోటి తెగింది, ఎడమ దిక్కు ఎడమ దిక్కు" అని ఒకడు అరిస్తే నా తల ఎడమ దిక్కు తిరిగింది, ఆపుకుందామన్నా ఆగలే.

ఎడమ దిక్కు గుంజ కాడ కిష్టడున్నడు. మెడ ఎనుకకు వాలిపోయింది. కడుపు పట్టుకున్నడు. తువ్వాల కింద పడ్డది, చూసుకోలే. మొకం సగం నవ్వుతున్నది, సగం అట్లనే యేలాడుతున్నది, ఎడమకన్ను కారిపోతున్నది. వాని చుట్టు ఉన్నోళ్ళు వాన్ని చూసిన్రు. చూసి మల్ల నా దిక్కే తిరిగి నవ్విన్రు, వాని భుజం పట్టుకుని. ఎవలు వాని మూతిని చూసి నవ్వలే. నవ్వేటందుకు నేనున్న గద.

రాంచందర్ వేళ్ళు ఇంక పైన్నే ఉన్నయ్. ఆయన గూడ నవ్వుకుంట పెట్టె మరిచిపోయిండు.

కిష్టడు పిల్లల నడుమకెంచి తొక్కుకుంట వచ్చి స్టేజి ఎక్కిండు. నా చేతిల చీపురు తీసుకున్నడు. లైటు కిందికొచ్చి, జారిన దిక్కే జనానికి తిప్పిండు. బస్టాండుల లెక్క కాదు. మామ తిప్పేటోడు గట్ల, మొకమంతా ఇచ్చేసినట్టు.

"మా బావకు పోగు తెగింది" అన్నడు మైకుల. మాట గాలితోనే వచ్చింది. "నాకు నరం తెగింది. మేమిద్దరం ఆడ కూసుండి అతుక్కుంటం. మీరు జరుగుండ్రి, దేవుండ్లొస్తున్రు."

పెట్టె మోగింది.

సోమవారం పొద్దున, నేను మగ్గం మీద ఉండంగనే ప్రమోద్‌కు ఫోను చేసిండు. గడప మీద కూసుండి, తువ్వాల లేకుండ.

"బుగ్గలవ్వను ఆ పిలగానికే ఇయ్యుండ్రి. ... లేదు లేదు, కోపం కాదు. చీర గూడ పంపుత. ... మూతి ఎంత వస్తదో రానీ. వచ్చినంక నేనొక వేషం తీసుకొస్త, జాగుంటే చూడుండ్రి. లేకుంటే మా బావ కాడ కండెలున్నయ్ చుట్టేటందుకు."

పెట్టేసినంక అండాలు అన్నది, "చీర నేనైతే పంప."

మొదటి వాన పడ్డంక నూలు మెత్తబడ్డది. మగ్గం మెల్లగ నడిచేది. అద్దం పెంకు మీద నీళ్ళు జారుతుంటే వాటి నీడ పడుగు మీద పారేది. ఒక పగలు కిష్టడు నిద్రల ఉండంగ ఎందుకో వాని దిక్కు చూసిన. రెండు కండ్లు మూతపడి ఉన్నయ్. ఎడమది పూర్తి కాలే, దారమంత సందు ఉన్నది. నేను మగ్గం ఆపిన. ఆపితే లేస్తడని మల్ల నడిపిన.

లేసి సాప మీదనే కూసున్నడు.

"ఇయ్యాల ఏం కనవడలే బావా" అన్నడు. ఏదో పారేసుకున్నట్టు అన్నడు.

ఆషాఢం పోయినంక పట్నం బస్సు ఎక్కిండు. మూతి తిరిగొచ్చింది గని అంత రాలే. ఎడమ కొస జర కిందికే ఉన్నది, ఇప్పటికీ ఉన్నది. బుగ్గల ఎలుకపిల్ల కుడి దిక్కు మాత్రమే ఉరుకుతది. మామ టోపి అడిగి తీసుకుపోయిండు.

దసరా ముంగట ఒక శుక్రవారం వాని ఫోను వచ్చింది, చూడుండ్రి అని. గల్లీల సగం మంది మా ఇంట్లకే వచ్చిన్రు. బిక్షమ్మ ముంగట్నే కూసున్నది. అండాలు ఎర్ర గళ్ళ చీర కట్టుకున్నది, బుగ్గలవ్వది. తనకే మంచిగున్నది అది.

టీవీల ఒక ఇల్లు ఏసిన్రు. భార్య వేషం కట్టినోడు తిడుతున్నడు, అత్త వేషం కట్టినోడు తిడుతున్నడు, చుట్టాలొచ్చి తిడుతున్నరు. నడుమ ఒకడు టోపి పెట్టుకుని మగ్గం మీద కూసున్నడు. ఎవలేమన్నా "ఊఁ" అంటడు. తాడు గుంజుతడు. అందరు కలిసి ఇల్లు పీకి పందిరేసినంక, వాడు ఒక్కసారి ఆగిండు. వంగిండు. వేలు నాలిక మీద తడుపుకున్నడు. మెల్లగ, మెల్లగ ముడి ఏసిండు. స్టూడియోల జనం నవ్వుతనే ఉన్నరు, వాడు తొందరపడతలేడు. లేసి మా దిక్కు చూసిండు. ఎడమ మూతి కొస కిందికే ఉన్నది. అది దాస్తలేడు. ఏం నవ్వని మనిషి మొకం గట్లనే ఉంటది.

మా ఇంట్ల అందరు నవ్వి నవ్వి నా దిక్కు తిరిగిన్రు. నేను టీవీ దిక్కే చూసిన. ఈసారి అంచు లేదు చూసేటందుకు.

అందరు వోయినంక ఫోను మోగింది. అండాలు ఎత్తింది.

"ఆఁ చూసినం... చూసిండు... ఉండు."

ఫోను చెవుకే పెట్టుకుని నా దగ్గరకొచ్చి నిలవడ్డది. బొటనవేలు నా మూతి కొసకు పెట్టి చూసింది, వాని మూతి రుద్దిన వేలే. నా మూతి కొస ఎంత పైకి లేచి ఉన్నదో నాకు తెల్వదు. ఆమె వేలుకు తెలిసింది.

"ఏమన్నడు అక్కా?" అని వాడు అడుగుతున్నది నాకు గూడ ఇనవడుతున్నది.

"ఏమనలే" అన్నది. వేలు తీయలే. "ఊఁ అన్నడు."